కొలతకు నిలబడ్డవాడు

పరంజ్యోతి అయ్యగారిని ప్రశ్న అడగాలంటే శిష్యులకు భయం. కోప్పడతారని కాదు, పని చెప్తారని. నరకం ఎక్కడుంటుందని ఒకడు అడిగితే, వంటింట్లో పచ్చికట్టెలతో పొయ్యి అంటించి రమ్మన్నారు. వాడు కళ్లు చింతనిప్పులు చేసుకుని దగ్గుకుంటూ బయటికొచ్చాడు. జవాబు దొరికిందా అంటే దొరికిందన్నాడు పాపం, మళ్లీ లోపలికి పంపుతారేమోనని. ఓర్పు అంటే ఏమిటని అడిగిన ఇంకొకడు పూటంతా కూర్చుని నువ్వుల్లో ఇసక ఏరాడు. ఇంతా చేసి, ఆయన నోటితో చెప్పగా జవాబు విన్నవాళ్లు మాత్రం చాలా తక్కువ.

పొదిలి పక్క మెట్ట ఊళ్లలో దేవుడి సేవ చేయదలచిన కుర్రాళ్లకు ఆయన ఒక రేకుల గుడిలో బైబిలు లేఖనాలు నేర్పేవారు. చదువూ అక్కడే, పడకా అక్కడే. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుంటే నరకం గురించి వేరే అడగనక్కర్లేదని శిష్యులే ఎగతాళి చేసుకునేవారు.

ఆ పూట పాఠం హన్నా గురించి. పిల్లలు లేరని సవతి పెనిన్నా చేత నానా మాటలూ పడి, గుడికి వెళ్లి ఏడ్చి, కొడుకును ఇస్తే నీకే అప్పగిస్తానని దేవుడికి మొక్కుకున్న ఇల్లాలు హన్నా. కొడుకు సమూయేలు పుట్టాడు. పాలు మాన్పించగానే తీసుకెళ్లి గుడిలో ముసలి యాజకుడికి అప్పగించి వచ్చింది. యేటేటా ఒక చిన్న అంగీ కుట్టి వాడికి పట్టుకెళ్లేది. ఆ తర్వాత ఆమెకు ఇంకో ఐదుగురు పిల్లలు కలిగారు.

“మొగుడి ప్రేమంతా హన్నా మీద. పిల్లలేమో పెనిన్నాకి,” అంటున్నారు అయ్యగారు. “ఒకే ఇంట్లో ఇద్దరాడాళ్లు. ఎవరికి వాళ్లు తమకి లేనిదే చూసుకున్నారు గాని, పక్కదానికి ఏం లేదో చూడలేదు.”

వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్న కృపావరం తల ఎత్తాడు. మామూలుగా నోరు విప్పని మనిషి వాడు.

“అయ్యగారూ, ఆ అంగీ సమూయేలుకు సరిపోయేదా?”

అందరూ గొల్లున నవ్వారు. కృపావరం నవ్వలేదు.

“నిజంగానే అడుగుతున్నా. ఏడాదికి ఒక్కసారి చూసే తల్లికి కొడుకు కొలత ఎట్టా తెలుస్తది? అంగీ ఇచ్చి, గుళ్లో దణ్ణం పెట్టి, ఇంటికిపోయి ఆ ఐదుగురినీ ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంటది. ఆ ఐదుగురికీ అంగీలు కుట్టిందని ఎక్కడా రాయలేదంటే, రాయాల్సిన పని లేక. వాళ్లకి అంగీ ఎందుకండీ? అమ్మే ఉంది గదా.”

నవ్వులు ఆగిపోయాయి. ఇది సమూయేలు గొడవ కాదని అక్కడున్న ప్రతివాడికీ అర్థమైంది.

అయ్యగారు కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. “ఇంట్లో ఉన్న ఐదుగురి సంగతీ నీకెట్టా తెలుసురా?” అన్నారు.

కృపావరం మళ్లీ గోడకు ఆనుకున్నాడు.

“సరే. రేపు పొద్దున్నే నాతో రా. మూట మొయ్యాలి.”

కృపావరం మనసులో ఏముందో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి. వాడికి ఆరేళ్లప్పుడు విషజ్వరం వచ్చింది. తండ్రి అప్పటికే పోయాడు. తల్లి దీనమ్మ కూలికి పోయి బతికే మనిషి. వైద్యుడు పెదవి విరిచేశాక, ఆమె బిడ్డను తీసుకెళ్లి గుడిలో ప్రభువు బల్ల ముందు పడుకోబెట్టి, వీణ్ణి బతికించు ప్రభువా, బతికిస్తే వీడు నీవాడే, నావాడు కాదని ఏడ్చింది. బిడ్డ బతికాడు. దీనమ్మ మాట తప్పే మనిషి కాదు. ఏడాది తిరిగేలోగా వాణ్ణి మిషను బోర్డింగులో అప్పగించింది. వాడికంటే రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు జెకర్యాను మాత్రం దగ్గర ఉంచుకుంది.

ఆ యేడు క్రిస్మస్‌కి కొడుక్కి కొత్త చొక్కా కుట్టి తీసుకుని చూడటానికి వచ్చింది. కృపావరం గేటు దాకా పరుగెత్తుకెళ్లి తల్లి కాళ్లు చుట్టేయబోయాడు. దీనమ్మ గబుక్కున వెనక్కి జరిగింది. పిల్లవాడు బోర్లా పడ్డాడు. లేవదీసి మోకాలు తుడిచింది వార్డెనమ్మ గాని తల్లి కాదు. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, “బాబూ, బాగున్నారా?” అంది. కన్నకొడుకును మీరు అని పిలిచింది. తెచ్చిన చొక్కా అరుగు మీద పెట్టి దూరంగా నిలబడింది. పక్కనే జెకర్యా ముక్కు కారుతుంటే, “ఒరే చవటా, ఇట్రా,” అని కొంగుతో తుడిచింది.

కృపావరం మళ్లీ ఎప్పుడూ గేటు దాకా పరుగెత్తలేదు. యేటా క్రిస్మస్‌ వస్తుంది, చొక్కా వస్తుంది. ఒక్కటీ సరిపోదు. భుజాలు జారిపోతాయి, చేతులు వేళ్ల కిందికి వస్తాయి. గాదెకి కట్టాల్సిన గోనెపట్టా నీకు కట్టిందిరా మీ అమ్మ అని తోటివాళ్లు ఏడిపించేవారు. వాడూ నవ్వేవాడు. నవ్వి, చొక్కా మడిచి పెట్టె అడుగున పడేసి, దుప్పటి ముసుగు పెట్టుకుని ఏడ్చేవాడు. అమ్మకి నా ఒళ్లే గుర్తులేదని, ఇంట్లో ఉంచుకున్నవాడే కొడుకని, తనను వదిలించుకోవడానికి దేవుడు ఒక సాకని వాడి మనసులో ముద్ర పడిపోయింది. తమ్ముడి పేరు వింటేనే వాడికి ఒళ్లు మండేది.

ఇప్పుడు వాడి చదువు పూర్తయింది. వచ్చే ఆదివారం వాణ్ణి సేవకు ప్రతిష్ఠించాలి. ఆ గుడిలో ఒక ఆనవాయితీ ఉంది. సేవకు వెళ్లేవాణ్ణి తల్లి చెయ్యి పట్టుకుని బల్ల దాకా నడిపించుకొచ్చి అయ్యగారి చేతికి అప్పగించాలి. అయ్యగారు కబురు పంపితే దీనమ్మ, వెనక నిలబడి చూస్తానయ్యా, ముందుకి మాత్రం రాలేనని చెప్పి పంపింది. అది విన్న కృపావరం మొహం మాడిపోయింది. “నాకు తల్లి లేదనుకోండి అయ్యగారూ. ఒక్కణ్ణే నడుస్తా. కుదరదంటే ఈ సేవా వద్దు, ఏమీ వద్దు,” అన్నాడు. అన్నంత పనీ చేసే మొండివాడని అయ్యగారికి తెలుసు.

మర్నాడు బస్సు దగ్గరికి వచ్చేసరికి అయ్యగారి చేతిలో గొడుగు తప్ప ఇంకేమీ లేదు.

“మూట ఏదండీ?”

“ఇన్నాళ్ల నించీ మోస్తూనే ఉన్నావుగా. ఎక్కు.”

కండక్టరు కంచెపాలెం పేరు పిలిచేదాకా వాడికి ఎక్కడికి పోతున్నదీ తట్టలేదు. అది వాడి సొంత ఊరు. బస్సు దిగి, “నేను రాను,” అని రోడ్డు మీదే నిలబడిపోయాడు.

“నిన్ను రమ్మన్నానా? నాకు దీనమ్మతో పనుంది. ఇల్లు చూపించి తిరుగు బస్సెక్కి పో.”

చెప్పొద్దూ, పెద్దవాళ్ల తెలివి అట్లా ఉంటుంది. ఊళ్లోకి నడిచారు. ఇంటి చుట్టూ తుమ్మకంప వేసి ఉంది. ఇదేనండీ అని చూపించి కృపావరం వెనక్కి తిరిగాడు. అంతలో కంప అవతలి నించి తల్లి గొంతు వినబడింది.

“చేతులెత్తు. ఎత్తరా కృపా, ముల్లు గుచ్చుకుంటది.”

కంప ఇవతల కృపావరం చేతులు వాటంతటవే కదిలాయి. వాడికి తెలియకుండానే కదిలాయి. కృపా అని ఆ గొంతు పిలవగా వాడు ఆరేళ్ల వయసు తర్వాత వినలేదు. కంప సందులోంచి చూశాడు.

వాకిట్లో జెకర్యా చేతులు రెండూ చాపుకుని చేలో దిష్టిబొమ్మలాగా నిలబడి ఉన్నాడు. క్వారీలో రాళ్లు కొట్టే మనిషి, దిట్టమైన భుజాలు, జుట్టు నిండా రాతిపొడి. ఒంటి మీద కత్తిరించిన తెల్లగుడ్డ ముక్కలు, వాటిని అక్కడక్కడా పట్టి ఉంచిన తుమ్మముళ్లు. దీనమ్మ పెదాల మధ్య ఇంకో నాలుగు ముళ్లు బిగబట్టి, చేతిలో పురికొసతో వాడి చుట్టూ తిరుగుతోంది.

“నేను జెకర్యానమ్మా.”

“తెలుసులేరా. నోరు జారింది.”

“యేటా జారుతది నీకు. భుజం దగ్గర అంత వదులెందుకు?”

“నాలుగు వేళ్లు వదలాలిరా. వాడు నీకంటే పెద్దోడు గదా. దేవుడి ఇంట్లో తింటున్నాడు, ఎంత ఎదిగి ఉంటాడో.”

“పోయిన క్రిస్మస్‌కి చూశావుగా.”

“చూశా. దూరం నించి ఏం తెలుస్తది?”

జెకర్యా చేతులు దించేశాడు. ముల్లు గుచ్చుకున్నా లెక్కచేయలేదు.

“నా ఒళ్లు కొలతకి, చొక్కా వాడికి! నేనేమన్నా గోడకి కొట్టిన మేకునా? ఊహ తెలిసినప్పటి నించీ నిలబెడుతున్నావు. నాకొక్కటన్నా కుట్టావా? సంతలో ఏదో కొనిచ్చి, నీకిది చాల్లేరా అంటావు. వాన పడితే ‘అయ్యో బిడ్డ పడుకునేచోట కారుతుందేమో’ అంటావు. కారేది ఇక్కడ, నా నెత్తిన! సరే, అదీ పోనీ. రోజూ మోకాళ్ల మీద కూర్చుని వాడి పేరు పెట్టి అంతసేపు ప్రార్థన చేస్తావే, ఒక్కనాడన్నా దేవుడి ముందు నా పేరు ఎత్తావా? వాణ్ణి దేవుడికిచ్చావు. నన్ను ఇవ్వడానికి కూడా పనికిరాననే గదా?”

కృపావరం ఇక ఆగలేకపోయాడు. అయ్యగారు చొక్కా పట్టుకోబోయి, ఎందుకో వదిలేశారు. వాడు తడిక తోసుకుని లోపలికి పోయాడు.

“నీకేం తక్కువైందిరా! రోజూ అమ్మ చేతి ముద్ద తింటావు. జ్వరమొస్తే అమ్మ పక్కన ఉంటది. ఇంకా ఏం కావాలి నీకు?”

“వచ్చాడమ్మా దొరబాబు,” అన్నాడు జెకర్యా. “ముద్ద నా నోట్లో పెడుతూ, వాడు తిన్నాడో లేదో అంటది. ఆ ముద్ద ఎట్టా దిగుతదో నీకు తెలుసా?”

“నాకు ముద్దే తెలీదు, ఇంక దిగడం ఏం తెలుస్తది!”

ఒకరి మీద ఒకరికి ఇన్నాళ్లూ ఉన్న కుళ్లంతా ఆ వాకిట్లో కక్కుకున్నారు. ఇద్దరూ చెప్పేది ఒకటే మాట, అమ్మ నీది, నాది కాదు అని. దీనమ్మ నోట్లో ముళ్లు ఉమ్మేసి, కొంగు తల మీదికి లాక్కుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

“బాబూ, మీరా,” అంది.

“చూశావా?” అన్నాడు కృపావరం తమ్ముడితో. “అదిగో, నాకు దక్కేది అది. బాబూ, మీరా!”

అప్పుడు అయ్యగారు నెమ్మదిగా లోపలికి వచ్చి, నులకమంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగారు. తాగి, చెంబు కింద పెట్టి, “దీనమ్మా, ఆ గుడ్డ ఎవరి కొలతకి కత్తిరించావు?” అన్నారు.

“చిన్నోడి కొలతకయ్యా.”

“తొడుక్కునేది?”

“ఆ బాబుగారు.”

“బాబుగారు ఇక్కడే ఉన్నారు గదా. కొలువు మరి.”

దీనమ్మ ఇంకొంచెం వెనక్కి జరిగింది. వెనక ఇంటి గోడ అడ్డం రాకపోతే ఇంకా పోయేదే.

“నేను ముట్టుకోకూడదయ్యా.”

“ఎవరన్నారు?”

“తమరికి తెలియందేముంది. మా ఊళ్లో కోతపండక్కి జొన్నమూట తెచ్చి బల్ల ముందు పెడితే, పెట్టినవాళ్లు మళ్లీ దాని మీద చెయ్యి వెయ్యరు. మూట పక్కకి ఒరిగినా సరే, వేరేవాళ్లు నిలబెట్టాల్సిందే. ముట్టుకుంటే ఇచ్చింది వెనక్కి తీసుకున్నట్టు. జొన్నలకే అంత ఉంటే, బిడ్డకి ఎంతుంటది? నేను ఆశపడి ముట్టుకుంటే, మాట తప్పానని దేవుడు ఆ జ్వరం మళ్లీ పంపితేనో? చిన్నప్పుడు పరుగెత్తుకొచ్చాడయ్యా ఒకసారి. పడిపోయాడు. నా చేతులు నేను వెనక్కి విరిచి పట్టుకున్నా. ఆ రోజు నించీ వీణ్ణి నిలబెట్టి, వాడనుకుని కొలుస్తున్నా.”

కృపావరానికి ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని ఏడుపు అది. తల్లి తనను మరిచిపోయిందని ఇన్నాళ్లూ కసిగా బతికాడు. ఇప్పుడు ఆ కసిని ఎక్కడ దింపాలో వాడికి తోచలేదు.

జెకర్యా మాత్రం వదల్లేదు. “వాడి సంగతి తెలిసింది. నా పేరు ఎందుకు ఎత్తవు?”

దీనమ్మ చిన్నకొడుకు వైపు చూసింది. “ఎట్టా ఎత్తనురా పిచ్చోడా? పేరు ఎత్తితే నువ్వున్నావని ఆయనకి గుర్తొస్తది. వీడు కూడా నాకు కావాలంటే? ఒకణ్ణిచ్చి ప్రాణం సగం పోయింది. నిన్ను కూడా ఇస్తే నేను బతకనురా. అందుకే ఇంట్లో ఇంకొకడున్నాడనే సంగతే ఆయన దగ్గర అనేదాన్ని కాదు. కొత్తచొక్కా వేస్తే ఆయన కంటికి ఆనతావని అదీ కుట్టలేదు.”

రాళ్లు పగలగొట్టే ఆ మనిషి చిన్నపిల్లవాడిలాగా ముంజేత్తో మొహం తుడుచుకున్నాడు. రాతిపొడి పడి కళ్లు ఇంకా ఎర్రబడ్డాయి. తర్వాత ఒంటి మీద ముళ్లు ఒక్కొక్కటే తీశాడు. గుడ్డముక్కలు మడిచి మంచం మీద పెట్టాడు. కింద పడ్డ పురికొస తీసి తల్లి చేతిలో పెట్టి, అన్న వెనక్కి వెళ్లి వాడి రెండు చేతులూ పట్టుకుని పైకి లేపాడు.

“ఇంక నేను నిలబడను. సొంతదారుడు వచ్చాడు. కొలుచుకో.”

దీనమ్మ అడ్డంగా తలూపింది. జెకర్యా ఒక చేత్తో తల్లి మణికట్టు పట్టుకుని లాగి, ఆ అరచెయ్యి తీసుకెళ్లి అన్న భుజం మీద పెట్టాడు. దీనమ్మ కాలిన పెనం ముట్టుకున్నట్టు కేక పెట్టింది. కాని చెయ్యి తియ్యలేదు. కాసేపటికి ఆ చెయ్యి భుజం మీంచి మెడ దగ్గరికి, అక్కడి నించి పక్కటెముకల మీదికి తడుముకుంటూ వెళ్లింది. గుడ్డివాళ్లు తడుముకున్నట్టు తడిమింది.

“ఇంతేనా?” అంది. “ఇంతేనా నువ్వు? అయ్యో నా తండ్రీ, ఎముకలు తప్ప ఏం లేవు గదరా! నువ్వు ఇంత మనిషివయ్యుంటావని, ఇంటికి పట్టనంత ఎదిగుంటావని వదులు పెట్టి కుడుతుంటినే! ఏం తింటున్నావురా?” అంటూ వాణ్ణి పొదివి పట్టుకుని బావురుమంది. కృపావరం తల్లి భుజం మీద తల పెట్టి, దుప్పటి ముసుగు లేకుండా ఏడ్చాడు. ఏడుస్తూనే దీనమ్మ అయ్యగారి మీద విరుచుకుపడింది. “ఏమయ్యా, నా బిడ్డకి తిండి పెట్టడం లేదా తమరు?”

“పెడుతున్నానమ్మా,” అన్నారు అయ్యగారు తల దించుకుని. “వాడే సరిగ్గా తినడు.”

“తినకపోతే చూస్తూ ఊరుకుంటారా?”

అయ్యగారిని దబాయించిన మనిషిని కృపావరం అంతకుముందు చూడలేదు.

ఆ మధ్యాహ్నం అందరికీ అక్కడే జొన్నన్నం, గోంగూర పచ్చడి. అన్నదమ్ముల ఈర్ష్య ఒక్క పూటలో చచ్చిపోయిందని నేను చెప్పను. పెద్ద ముద్ద ఎవరికి పడిందా అని ఇద్దరూ ఓరకంట చూసుకుంటూనే ఉన్నారు. చేతులు కడుక్కున్నాక కృపావరం మంచం మీది తెల్లగుడ్డ ముక్కలు తీసి తల్లికిచ్చాడు.

“ఇది జెకరికి కుట్టమ్మా. కొలతలు వాడివే గదా.”

“నీ ఎంగిలి నాకెందుకు?” అన్నాడు జెకర్యా.

“నేను తొడుక్కుంటే గదరా ఎంగిలి!”

“మరి ఆదివారం నీకో?”

“పెట్టెలో బోలెడున్నాయిలే.”

ఆదివారం గుడి నిండిపోయింది. కృపావరం పోయిన యేటి చొక్కా వేసుకున్నాడు. చేతులు మడిచినా అది జారుతూనే ఉంది. తోటివాళ్లు నవ్వితే వాడూ నవ్వాడు, ఈసారి మనసారా నవ్వాడు. పాట అయిపోయింది. గుమ్మంలోంచి దీనమ్మ బయల్దేరింది. కుడిచేత్తో పెద్దకొడుకు చెయ్యి పట్టుకుంది. ఎడమచేత్తో, కొత్త తెల్లచొక్కాలో సిగ్గుతో చచ్చిపోతున్న చిన్నకొడుకును లాక్కొస్తోంది. ఆనవాయితీలో ఇది లేదు. జనం గుసగుసలాడారు. ముందు వరసలో ఒక పెద్దమనిషి ఉండబట్టలేక, “ఏం దీనమ్మా, ఇద్దర్నీ ఇచ్చేస్తున్నావా ఏంది?” అన్నాడు.

“లేదయ్యా. వీణ్ణి ఇవ్వడానికి కాదు. నాకూ ఒకడున్నాడని దేవుడికి చూపించడానికి తెచ్చా,” అంది దీనమ్మ. గుడి అంతా వినబడేట్టు, బల్ల వైపు తిరిగి, “వీడి పేరు జెకర్యా,” అంది.

జెకర్యా తల వంచుకున్నాడు. వదులు తీసి కుట్టిన చొక్కా భుజాల దగ్గర కుట్టు కుట్టుకీ సరిపోయింది. ఆ తెల్ల భుజాలు కదలడం చూసి వాడు ఏడుస్తున్నాడని అందరికీ తెలిసింది.

అయ్యగారు చెయ్యి చాపారు. దీనమ్మ ఇప్పుడు కృపావరం చెయ్యి ఆ చేతిలో పెట్టాలి. సగం దాకా తెచ్చి ఆగిపోయింది. ఆమె వేళ్లు కొడుకు మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. కృపావరం కదలకుండా నిలబడ్డాడు. ఆ చెయ్యి అట్లా ఎంతసేపు పట్టుకున్నా వాడికి సమ్మతమే.

“అయ్యగారూ,” అంది దీనమ్మ, ఆయనకు తప్ప ఎవరికీ వినబడకుండా. “ఇప్పుడు వదిలేస్తే, ఈ చెయ్యి మళ్లీ పట్టుకోవచ్చా నేను?”

అయ్యగారు ప్రశ్న అడిగినవాళ్లకు పని చెప్పే మనిషి. ఆ రోజు చెప్పలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి, ఆమె దగ్గరికి వంగారు.

“దేవుడు అడిగితే అబ్రాహాము కూడా ఇచ్చాడు గదా దీనమ్మా. కొండ మీద కొడుకును తాళ్లతో కట్టి కట్టెల మీద పడుకోబెట్టాడు. దేవుడు ఇక చాల్లెమ్మన్నాడు. మరి ఆ కట్లు విప్పి పిల్లవాణ్ణి కిందికి దించింది ఎవరి చేతులంటావు?”